కార్డు తప్పు, పిల్ల ఒప్పు

మొట్టమొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఏ సంవత్సరం విడుదలైంది? మైకులో ఈ ప్రశ్న అడిగింది నేనే. ఫోరస్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో, చాల్ నడిమి వాకిట్లో, నాలుగు జట్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూచున్నాయి. రెండో జట్టులో ఎనిమిదో తరగతి అమ్మాయి తడుముకోకుండా “1932” అంది. నా చేతిలోని కార్డు మీద 1931 అని ఉంది. “తప్పు, పాస్” అన్నాను. మూడో జట్టు 1931 అని చెప్పి పది మార్కులు పట్టుకుపోయింది.

అమ్మాయి లేచి నిలబడింది. “తాతా, నేను తప్పు చెప్పలే. కార్డే తప్పుంది” అంది. పై అంతస్తు వరండాల్లోంచి వంగి చూస్తున్న ఆడవాళ్ళు నవ్వారు. నిర్వాహకుల్లో ఒకాయన మైకు అందుకుని నియమాల కాగితంలోని ఆఖరి వాక్యం చదివాడు. క్విజ్ మాస్టర్ నిర్ణయమే తుది నిర్ణయం, వాదనకు తావు లేదు. అమ్మాయి కూచుంది. ఆమె జట్టు ఐదు మార్కుల తేడాతో ఓడింది.

ఇంటికొచ్చి వెతికాను. ఏళ్ల తరబడి పుస్తకాలన్నీ 1931 సెప్టెంబరు 15 అనే రాస్తూ వచ్చాయి. సినిమా పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత కాగితాలు తిరగేసి తేల్చింది వేరు. సెన్సారు జరిగింది 1932 జనవరిలో, బొమ్మ తెర మీద పడింది ఫిబ్రవరి 6న. అదీ ఎక్కడ? మన బొంబాయిలోనే, గిర్గావ్ వైపు ఉన్న కృష్ణా సినిమాలో. ఫోరస్ రోడ్డు నుంచి నడిచి వెళ్ళి చూసి రాగల దూరం. మా తాతల కాలంలో ఆ బొమ్మ మా పక్కనే ఆడింది, నా మనవరాలి ఈడు పిల్ల సంవత్సరం సరిగ్గా చెప్పింది, తెల్ల జుట్టు వేసుకుని నేను కాదన్నాను.

అప్పటి నుంచి పోటీల నియమాలు రాసే పని వచ్చినప్పుడల్లా రెండు మనసులవుతాను. పది మంది పిల్లల్ని ఒక వేదిక ఎక్కించాలంటే కట్టుబాటు లేకుండా కుదరదు. ఆ కట్టుబాటే ఒక్కోసారి సరైన జవాబు చెప్పిన పిల్లను కూచోబెడుతుంది.

మావాళ్ళు ఈ ఊరికి వచ్చింది మాట్లాడడానికి కాదు, రాళ్ళు మోయడానికి. 18వ శతాబ్దం చివర మహాలక్ష్మి దగ్గరి సముద్రపు గండిని హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో మూశాక ఇక్కడి పల్లపు నేల మెల్లగా ఆరింది. నిజాం రాజ్యం నుంచి వలస వచ్చిన తెలుగు కూలీలు, మేస్త్రీలు ఈ నేల మీద కాపురాలు పెట్టారు. ఊరు వాళ్ళను కామాఠీలంది, పేటకు కామాఠీపురా అన్న పేరు నిలిచింది. వాళ్ళ మోత మాత్రమే చరిత్రకెక్కిందనుకుంటే పొరపాటు. 1873 సెప్టెంబరు 24న పుణెలో జోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజ్ పెట్టాక బొంబాయిలో దానికి భుజం కాసినవాళ్ళలో మా తెలుగు కాంట్రాక్టర్లున్నారు. వ్యంకు బాళాజీ కాళేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య అయ్యవారు లాంటివాళ్ళు. ఆ సమాజ్ వక్తృత్వ పోటీలు, వ్యాసరచన పోటీలు కూడా పెట్టేది. నోరెత్తని కులాల పిల్లలకు నోరు రావాలన్నది దాని ఆలోచన. కాబట్టి చాల్ వాకిట్లో మైకు ముందు పిల్లను నిలబెట్టడం మాకు నిన్న మొన్నటి సరదా కాదు. ఆ పిల్లను మధ్యలో కూచోబెట్టే నియమం మీద నాకు అనుమానం కలగడానికి ఈ చరిత్ర కూడా ఒక కారణం.

ముందు ఆ ‘తుది నిర్ణయం’ సంగతి తేల్చుకుందాం. దాన్ని రాసినవాళ్ళు మూర్ఖులేం కాదు. రాత్రి పది గంటలకు మైకు ఆపాలి, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు ఆ గడువు పెట్టాయి. తొమ్మిదింపావుకు ఒక జవాబు మీద తగువు మొదలైతే పది దాకా అదే నడుస్తుంది. పిల్లలు వాదించి ఊరుకుంటారు, వాళ్ళ తండ్రులు మెట్లు దిగి వస్తారు. నల్లా దగ్గర మూడేళ్లుగా మాట్లాడుకోని రెండిళ్లు ఆ రాత్రి మార్కుల పేరుతో మాట్లాడుకుంటాయి. ఒక్క వాక్యంతో ఇదంతా ఆపవచ్చంటే ఏ నిర్వాహకుడు వదులుకుంటాడు? పైగా ఓడినప్పుడు ఒప్పుకుని దిగి రావడం కూడా పిల్లలు నేర్చుకోవలసిందే.

ఇంత చెప్పినా ఆ వాక్యం నాకు గొంతు దిగదు. న్యాయం సంగతి అలా ఉంచండి, క్విజ్ పెట్టేదే నిజం తెలుసుకోవడం కోసం. నిజం చెప్పిన పిల్లకు సున్నా, అచ్చుతప్పు వల్లించిన పిల్లాడికి పది ఇచ్చే ఆటను జ్ఞాన పోటీ అనడం ఎలా? అంపైరు మాట వేదమనుకునే క్రికెట్ కూడా ఈ చిక్కులో పడి బయటికి వచ్చింది. 2008లో భారత్, శ్రీలంక టెస్టుల్లో రివ్యూ పద్ధతిని పరీక్షించారు. మన బోర్డు చాలా ఏళ్లు ముఖం తిప్పుకుని 2016లో ఒప్పుకుంది. రివ్యూలు లెక్కగా ఇస్తారు, వృథా చేసుకుంటే పోతాయి. అందుకే ఆట ఆగిపోలేదు. ముంబయి పిల్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని కూడా లేదు.

ఆ కార్డు గొడవ జరిగినప్పటి నుంచి నేను నడిపే క్విజ్‌లో జట్టుకు ఒక అభ్యంతరం ఇస్తున్నాను. తర్వాతి ప్రశ్న చదవకముందే జట్టు నాయకులే చేయెత్తాలి. పక్కన ఇద్దరు పెద్దలు చూసి చెబుతారు. ఫోనులో చూస్తే సరిపోదా అంటారు. సరిపోదు, ‘భక్త ప్రహ్లాద’కు 1931 అని ఇప్పటికీ రాసేవాళ్ళు బోలెడు మంది. రెండు జవాబులకూ ఆధారం దొరికితే ప్రశ్నే కొట్టేస్తాం, కొత్తది అడుగుతాం. ప్రశ్న తయారుచేసినవాడు ఏ పుస్తకంలోంచి తీశాడో కార్డు వెనక రాయాలి. ఈ చివరి నియమం పెట్టాక ప్రశ్నలు తయారుచేస్తామని ముందుకొచ్చేవాళ్ళు సగమయ్యారు. మంచిదే అనుకున్నాను.

ప్రశ్నలోనే తిరకాసు ఉండేవి ఇంకో రకం. ఆంధ్ర ఎప్పుడు ఏర్పడిందని అడిగి కార్డు మీద 1953 అక్టోబరు 1 అని రాసుకుంటారు. పిల్ల 1956 నవంబరు 1 అంటుంది. మొదటిది ఆంధ్ర రాష్ట్రం, రెండోది ఆంధ్రప్రదేశ్. ప్రశ్నలో ఏది అడిగారో అడిగినవాడికే తెలియదు. మా గల్లీల్లో సగం మంది మూలాలు పాలమూరు, కరీంనగర్, నిజామాబాద్ వైపు, కాబట్టి మూడో జట్టు 2014 జూన్ 2 అన్నా ఆశ్చర్యపోకండి.

ఇక అసలు గొడవ భాషది. ఉపన్యాసం పోటీ నియమాల్లో ఎప్పుడూ కనబడే వాక్యం ఇది: ప్రసంగం పూర్తిగా తెలుగులోనే ఉండాలి, ఒక్కో పరభాషా పదానికి ఒక మార్కు కోత.

ఈ నియమం వెనక భయముంది, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ముంబయి కార్పొరేషన్ ఎనిమిది భాషల్లో బడులు నడుపుతుంది, అందులో తెలుగు ఒకటి. ఆ తరగతుల్లో పిల్లలు మాత్రం ఏటేటా పలచబడుతున్నారు. చాల్ పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతారు, గల్లీలో హిందీ మాట్లాడతారు, బస్సులో మరాఠీ. ఇంట్లో అమ్మ తెలుగులో అడిగితే జవాబు హిందీలో వస్తుంది. ఏడాదికి ఒక సాయంత్రం, నాలుగు నిమిషాల పాటు, అచ్చంగా తెలుగులో మాట్లాడమనడం తప్పా? వదిలేస్తే మొదటి వాక్యం తెలుగులో, మిగతాదంతా టీవీ భాషలో నడుస్తుంది. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు సిలికానాంధ్ర మనబడి వాళ్ళు ‘ఒనిమా’ అని ఒక ఆట పెట్టారు. ఒక్క నిమిషం మాత్రమే అన్నదానికి అది పొట్టి పేరు. ఆ నిమిషమంతా ఇంగ్లీషు ముక్క దొర్లకుండా తెలుగులో మాట్లాడాలి. పిల్లలు కేరింతలు కొడుతూ ఆడతారు. అంటే గట్టి నియమం కూడా ముచ్చటగానే ఉండగలదు. అవధానంలో నిషిద్ధాక్షరి మాత్రం ఏమిటి? ఈ అక్షరం వాడకు, ఆ అక్షరం వాడకు అని కాళ్ళకు బంధం వేసి పరుగెత్తమనడమే.

అయితే ఒనిమా ఒక నిమిషం ఆట, అవధాని ఆరితేరిన మనిషి. చాల్ పిల్ల తన బతుకు గురించి నాలుగు నిమిషాలు చెప్పాలి. “మా ఖోలీల నల్లా పొద్దున ఐదుకే వస్తది” అని ఒక పిల్లాడు మొదలుపెట్టాడు, నీటి పొదుపు మీద. రెండు మార్కులు కోశారు, ఖోలీకి ఒకటి, నల్లాకు ఒకటి. ఖోలీని కామాఠీపురా తెలుగువాడు ఇంకేమనాలి? గది అంటే ఇంట్లో ఒక భాగం. ఖోలీ అంటే ఇల్లంతా అదే. ఆ తేడా తెలిసిన పిల్లాడికి ఆ మాట వాడే హక్కుంది. నల్లా మాట తెలంగాణలో ఏ ఇంట్లో వినబడదు? దవాఖాన, సడక్, షురూ కూడా అంతే. తరాలుగా తెలుగు నోళ్ళలో నానిన మాటలివి. కోసిన న్యాయనిర్ణేత కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి, పాపం మంచివాడే. కోత ప్రకటించాక ఆయనే మైకులో అన్న మాట: “టైమ్ అయిపోయింది, నెక్స్ట్ పార్టిసిపెంట్ స్టేజి మీదికి రావాలి, ప్లీజ్.”

అది ఆగస్టు 29న పెట్టిన పోటీ. గిడుగు రామమూర్తి పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం చేసుకునే రోజు. జనం మాట్లాడే తెలుగు బడిలోకి రావాలని జీవితమంతా పోరిన మనిషి పేరు చెప్పుకుని, జనం మాట్లాడే మాటకు మార్కు కోశాం.

పాత సంప్రదాయం కావాలనేవాళ్ళకు ఇంకో సంగతి. గౌతముని న్యాయసూత్రాల్లో వాదంలో ఓడిపోయే సందర్భాలు 22 లెక్కపెట్టారు, నిగ్రహస్థానాలంటారు. చెప్పిందే చెప్పడం పునరుక్తం. విషయం వదిలి పక్కకు పోవడం అర్థాంతరం. జవాబు తోచక నిలబడిపోవడం అప్రతిభ. 1967లో బీబీసీ రేడియో మొదలుపెట్టిన ‘జస్ట్ ఎ మినిట్’ ఆటకు నియమాలు మూడే. తడబడకూడదు, చెప్పిందే చెప్పకూడదు, దారి తప్పకూడదు. మన ముంబయి కాలేజీ పిల్లలు ‘జామ్’ అని ఆడేది దీన్నే. గౌతముడికి రాయల్టీ ఎవరూ కట్టలేదు. ఆ 22లో నాకు బాగా నచ్చింది అవిజ్ఞాతార్థం. మూడుసార్లు చెప్పినా సభకూ ప్రతివాదికీ అర్థం కాకపోతే చెప్పినవాడే ఓడినట్టు. ‘విద్యార్థి లోకం నిర్వర్తించవలసిన కర్తవ్యమును’ అంటూ గుక్క తిప్పుకోకుండా వల్లించే పిల్లకు మేం మొదటి బహుమతి ఇస్తున్నాం. వరండాలో నిలబడిన తల్లికి అందులో ఒక్క ముక్క అర్థం కాదు.

నేను వాడే కొలబద్ద మోటుది. క్రియ తెలుగైతే వాక్యం తెలుగే. పేర్లు, వస్తువులు, ఊరి మాటలు ఏ భాషవైనా సరే. ఈ మాట చెప్పినప్పుడు రిటైరైన తెలుగు మాస్టారొకాయన నన్ను నిలబెట్టి అడిగారు. “అలాగైతే ‘టైమ్ వేస్ట్ చేయకుండా హార్డ్ వర్క్ చేస్తే సక్సెస్ అవుతాం’ అన్నది కూడా తెలుగేనా నాయనా?” నా దగ్గర జవాబు లేదు. నా కొలబద్ద ప్రకారం తెలుగే, నా చెవికి కాదు. అందుకని మా ఇద్దరికీ కుదిరిన రాజీ ఒకటుంది. తప్పు మాటకు కోత వద్దు, మంచి మాటకు అదనంగా ఇద్దాం. యాభైలో ఐదు మార్కులు విడిగా పెట్టి, ఇంట్లో వినబడే సామెతో, మరుగున పడిన మాటో సందర్భానికి తగ్గట్టు వాడిన పిల్లకు ఇస్తాం. కోత భయంతో పిల్ల మాట మింగేస్తుంది, మార్కు ఆశతో అవ్వ దగ్గరికి వెళ్ళి అడుగుతుంది. మాస్టారు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన అనుమానం తీసిపారేయదగ్గది కాదు.

గంట విషయంలో మాత్రం నేను కఠినుణ్ణే. మూడో నిమిషానికి ఒకసారి, నాలుగో నిమిషానికి రెండుసార్లు మోగాలి, ఎవరి పిల్లకైనా. బట్టీ పట్టి వచ్చిన పిల్లకు మొదటి గంట నెత్తిన పిడుగే. తాడు తెగి, మళ్ళీ ‘గౌరవనీయులైన అధ్యక్షులవారికి’ దగ్గర మొదలుపెడుతుంది. చూసి జాలిపడి ఒక్క నిమిషం వదిలేద్దామంటారు. ఇరవై రెండు మంది పిల్లలుంటే ఆ ఒక్క నిమిషాలన్నీ కలిసి ఇరవై రెండో పిల్ల మీద పడతాయి. ఆమె వంతు వచ్చేసరికి జనం భోజనాలకు లేస్తారు, న్యాయనిర్ణేత గడియారం చూసుకుంటాడు. మొదటి పిల్ల మీది జాలి చివరి పిల్లకు అన్యాయం. అదే లెక్కన ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది అందరి ముందూ చీటీలు తీసే తేల్చాలి. సంఘం పెద్దల పిల్లలు సరిగ్గా జనం నిండిన వేళకు వేదికెక్కడం నేను చాలాసార్లు చూశాను.

బట్టీ మంచిదా, ఆశువు మంచిదా అన్నది తేలని తగువు. విషయం ముందే ఇస్తే రాసిచ్చేది పిల్ల కాదు, ఇంట్లో చదువుకున్న అన్నో, ట్యూషన్ టీచరో. బీడీలు చుట్టే తల్లి, రాత్రి డ్యూటీ తండ్రి ఉన్న పిల్లకు రాసిచ్చేదెవరు? సరే, అక్కడికక్కడ చీటీ తీసి మాట్లాడమంటే వాగుడుకాయలు గెలుస్తారు. నెమ్మదిగా ఆలోచించే పిల్ల నోరు తెరిచేలోపు గంట. బట్టీని నేను బొత్తిగా తీసిపారేయను, తెలుగు చదవడం రాని పిల్ల ఆ నాలుగు పేజీలు వినీ వినీ నేర్చుకుందంటే ఆమె నోట్లో కొంత తెలుగు నిలిచినట్టే. నేను చేసేది ఇంతే: ఉపన్యాసం అయ్యాక న్యాయనిర్ణేత ఒక చిన్న ప్రశ్న అడుగుతాడు. అవధానంలో అప్రస్తుత ప్రసంగిలా ఆట పట్టించడానికి కాదు, చెప్పినదాంట్లోంచే అడుగుతాడు. సొంతంగా ఆలోచించిన పిల్ల కళ్ళు అప్పుడు వెలుగుతాయి. ఒక తల్లి వచ్చి “ప్రశ్నలుంటయని ముందుగాల చెప్పలేదేంది?” అని నిలదీసింది. ఆమెదే న్యాయం. అప్పటి నుంచి ముందే చెబుతున్నాం.

వాద పోటీలో పక్షం ఎవరు ఎంచుకోవాలి? నమ్మినదే వాదించనివ్వాలని ఒక మాట, చీటీలో ఏ పక్షం వస్తే అది వాదించాలని ఇంకో మాట. 1954లో అమెరికా కాలేజీల వాద పోటీలకు కమ్యూనిస్టు చైనాను గుర్తించాలా అన్న విషయం ఇచ్చారు. వెస్ట్ పాయింట్, అన్నాపొలిస్ సైనిక విద్యాలయాలు తమ విద్యార్థులను ఆ వాదానికి పంపలేదు. శత్రువు పక్షాన మాట్లాడడమే ద్రోహమన్నట్టు చూశారు, దేశమంతా దాని మీద చర్చ నడిచింది. మనకు ఆ మొహమాటం ఉండనక్కర్లేదు. ఎదుటివాడి మాటను పూర్వపక్షంగా తానే బలంగా చెప్పి, తర్వాత సిద్ధాంతం చెప్పడం మన శాస్త్రాల అలవాటు. సొంత మాటేదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది కూల్చడమే పనిగా పెట్టుకుంటే దాన్ని వితండం అన్నారు. మనం రోజూ తిట్టుగా వాడే వితండవాదం ఆ శాస్త్రంలోంచి వచ్చిందే.

కాబట్టి చీటీయే మేలనుకుంటూ ఉండేవాణ్ణి, ‘పాత చాళ్లు కూల్చి టవర్లు కట్టాలా?’ అన్న విషయం పెట్టేదాకా. వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీల్లో 1920లలో కట్టిన 207 బీడీడీ చాళ్లలో తెలుగువాళ్ళు కూడా ఉంటూ వచ్చారు. కామాఠీపురాను తిరిగి కట్టే పథకం గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. పిల్లలకు ఇది బడి విషయం కాదు, ఇంట్లో రాత్రి తండ్రి, బాబాయి గొంతులు పెంచుకునే విషయం. చీటీలో కూల్చాలన్న పక్షం వచ్చిన ఒక పిల్లాడు, కిరాయికి ఉండే ఇంటివాడు, గొంతు పెగలక నిలబడ్డాడు. కింద తండ్రి కూచుని ఉన్నాడు. అలాంటి ఇంటి కడుపులోని విషయాలకు పక్షం పిల్లలకే వదిలేయాలి. మిగతావాటికి చీటీ. రెండింటికీ ఒకే నియమం ఉండాలనేవాళ్ళతో నేను వాదించను, నాకు ఆ పిల్లాడి ముఖం గుర్తుంది.

క్విజ్‌లో పాస్ పద్ధతి గురించి కుర్రవాళ్ళు నాకు పాఠం చెప్పారు. 1972లో హమీద్ సయానీ నడిపిన బోర్న్‌విటా క్విజ్ కాలం వాణ్ణి, తర్వాత అమీన్ సయానీ గొంతు రేడియోలో విన్నవాణ్ణి. జట్టుకు నేరుగా ప్రశ్న, రాకపోతే పక్క జట్టుకు అన్నదే నాకు తెలిసిన ఆట. అందులో దొంగ లాభముంది. చదువురాని జట్టు పక్కన కూచున్నవాళ్ళకు పాస్ ప్రశ్నలు వచ్చి పడుతూనే ఉంటాయి. ఇప్పటి కాలేజీ క్విజ్‌ల్లో జవాబు చెప్పిన జట్టు తర్వాతి జట్టు నుంచి కొత్త ప్రశ్న మొదలుపెడతారు, సగం ఆటయ్యాక దిక్కు మారుస్తారు. తెలిసినవాళ్ళు కాగితం మీద ముందే రాసివ్వచ్చు, తప్పయితే మార్కు పోతుంది. న్యాయంగానే ఉంది. కాకపోతే వరండాలోని అవ్వకు ఇప్పుడు ఎవరి వంతో తెలియదు. చాల్ క్విజ్ ఆమె కోసం కూడా. పాత పద్ధతే ఉంచి, కుర్చీలకు చీటీ వేసి, సగంలో దిక్కు మారుస్తున్నాం. కాలేజీ కుర్రాళ్ళకు ఇది నాసిరకంగా కనిపిస్తుంది, కనిపించనీ.

పెద్ద పోటీల్లో మంచి నియమం ఒకటుంది. పిల్ల తన పేరు, బడి, ఉండే చోటు చెప్పకూడదు. అంగీకి నంబరు కాగితం పెట్టుకుని ‘నేను పదకొండు’ అనాలి. ఈ నియమం విలువ మా పేట పిల్లలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కామాఠీపురా అనగానే ఎదుటివాడి ముఖంలో ఏదో కదులుతుంది. నేను బడికి వెళ్ళే రోజుల్లో ఎక్కడుంటావంటే ముంబయి సెంట్రల్ దగ్గర అనేవాణ్ణి, అబద్ధం కాదు కాబట్టి. 2022లో ‘గంగూబాయి కాఠియావాడీ’ సినిమా వస్తుంటే పేట పేరు తీసేయాలని ఇక్కడి కొందరు హైకోర్టు మెట్లెక్కారు. ఆ అవమానం ఎంత పాతదో ఆ పిటిషన్ చెబుతుంది. నంబరు ఆ పిల్లను కాపాడుతుంది.

కానీ నంబరు దాచిపెడుతుంది కూడా. సబర్బుల్లో జరిగిన ఒక అంతర పాఠశాలల పోటీలో మా గల్లీ పిల్ల ఒకతె శుభ్రత మీద మాట్లాడుతూ, “నేను కామాఠీపురా నుంచి వచ్చిన. మా తాతలు ఈ బొంబాయి కట్టిన్రు” అంది. సభ చప్పట్లు కొట్టింది. ఉండే చోటు చెప్పినందుకు నియమం ప్రకారం ఐదు మార్కులు పోయాయి, బహుమతి రాలేదు. ఆ న్యాయనిర్ణేతలు చేసింది ఒప్పే. ఆమెకు ఐదు వదిలేస్తే రేపు ఖరీదైన బడి పిల్ల ‘నేను ఫలానా బడి నుంచి’ అన్నప్పుడు నోరెత్తే వీలుండదు. దాక్కోవడానికి పెట్టిన నియమాన్ని కాలదన్ని పేట పేరు చెప్పిన ఆ పిల్ల చేసింది కూడా ఒప్పే. రెంటికీ రాజీ ఉందని నేననుకోను. నియమం ఉండాలి, మార్కులు పోవాలి, చెప్పదలచుకున్న పిల్ల చెప్పాలి.

బహుమతుల సంగతి, అందరికీ ఇవ్వాలా ముగ్గురికేనా అన్నది, నన్నడగకండి. స్టీలు డబ్బాలు ఎన్ని కొనగలిగితే అన్ని ఇవ్వండి.

ఇంతసేపూ తూచి చూస్తే నాకు తేలింది ఒకటే. నిర్వాహకుల్ని, న్యాయనిర్ణేతల్ని కట్టే నియమాలు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది: గంట, చీటీ, కార్డు వెనక ఆధారం, నంబరు కాగితం. పిల్ల నోటిని కట్టే నియమాలు ఎంత వదులైతే అంత మంచిది. మన కాగితాల్లో ఇప్పటికీ ఇది తలకిందులుగా ఉంది. పిల్లలకు పన్నెండు షరతులు, పెద్దలకు ‘తుది నిర్ణయం’ ఒక్కటి.

పెద్దల మీద పెట్టాల్సిన ఇంకో షరతు మిగిలింది. చాల్‌లో అందరూ చుట్టాలే. న్యాయనిర్ణేత కాకా అవుతాడు, మామ అవుతాడు, కాకపోతే పక్క ఖోలీవాడు. పూర్తిగా బయటివాళ్ళను తెస్తే మన ఖోలీ, నల్లా వాళ్ళకు తెలియవు. లోపలివాళ్ళను పెడితే ఫలితం ముందే తెలిసినట్టుంటుంది. ముగ్గురిలో ఒక్కరే పేటవాళ్ళు, ఇద్దరు బయటివాళ్ళు ఉండాలి. మార్కుల కాగితాలు ఆ రాత్రే గోడకు అంటించాలి. బంధువుల పిల్ల ఉంటే ఆ విభాగం నుంచి తప్పుకోవాలి.

వచ్చే ఉగాది పోటీలకు నన్ను పిలుద్దామనుకుంటున్నవాళ్ళకు మనవి. నియమాల కాగితం పదిహేను రోజుల ముందు తెలుగులో, మరాఠీలో మెట్ల దగ్గర అంటించండి. ‘భక్త ప్రహ్లాద’ కార్డు నేనే దిద్ది ఇస్తాను. ఆరో తరగతి విభాగానికి మాత్రం నన్ను పిలవకండి, ఈసారి మా మనవరాలు పేరిచ్చింది.